ఆ గడి ఖాళీగానే ఉండనివ్వండి

నా నోటుపుస్తకంలో 41వ వరుస ఇలా ఉంటుంది. 2019 నవంబరు, సాయంత్రం నాలుగుంపావు. అనంతగిరి మండలంలో ఒక కాఫీ తోట, దాని పక్కన ఇల్లు, ఇంటి వెనక అరటి చెట్లు. ఎండి వేలాడుతున్న ఆకు లోపల, నేలకు ఆరడుగుల ఎత్తున గబ్బిలం. ఒక్కటే. వాన లేదు, మబ్బు ఉంది. చూపించినది ఇంటి పెద్దాయన. అన్నీ నింపాక చివర మిగిలిన గడి పేరు 'జాతి'. అందులో ఏమీ లేదు. దగ్గరగా చూస్తే పెన్సిలుతో రాసి రబ్బరుతో చెరిపిన మచ్చ మాత్రం కనిపిస్తుంది.

ముప్పయ్యేళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా దరఖాస్తును కౌంటరు మీదుగా వెనక్కి తోసి, తల ఎత్తకుండా "నింపి తీసుకురండి" అన్నవాణ్ణి. అలాంటి నేను ఖాళీ గడి పెట్టుకుని కూర్చుంటే పాత సహోద్యోగులకు నవ్వు రాక ఏమవుతుంది? "ఇంత రాసి అసలు ముక్క రాయలేదేమిటి గురువుగారూ" అని మొన్న ఒకాయన మా డాబా మీద టీ తాగుతూ దెప్పాడు. ఆయనకు అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు. కాస్త పొడవైంది, ఏమీ అనుకోవద్దు.

మేముండేది మధురవాడలో. డాబా మీద నిలబడితే కంబాలకొండ కనిపిస్తుంది. డెబ్బయి చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఇలా ఊరి భుజానికి ఆనుకుని ఉండటం ఎన్ని నగరాలకు దక్కుతుంది? ఉద్యోగంలో ఉన్నంతకాలం అక్కడికి పక్షుల కోసం వెళ్ళేవాణ్ణి. పక్షులు చూసేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. కొమ్మ మీద ఏదైనా కదిలిందంటే పక్కవాడికంటే ముందు పేరు చెప్పాలి. పగటి వెలుగులో, రంగురంగుల ఈకలతో, కూత కూడా వినిపించే ప్రాణి విషయంలో ఆ జబ్బు వల్ల పెద్ద ప్రమాదం లేదు. గబ్బిలాల దగ్గరికి కూడా నేను అదే జబ్బుతో వెళ్ళాను.

ఆ నవంబరులో మేము కుటుంబంతో అరకు వెళ్ళి వస్తున్నాం. తిరుగు దారిలో తెలిసినవారి ద్వారా కొండదొర తెగకు చెందిన ఒక పెద్దాయన ఇంట్లో ఆగాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, చెట్ల మొదళ్ళను చుట్టుకుని మిరియాల తీగలు, పెరట్లో అరటి. కాఫీ పళ్ళు ఎర్రబడే రోజులు. మాటల్లో నేను గబ్బిలాల ప్రస్తావన తెచ్చాను. బొర్రా గుహల్లో వేలాడే వాటి గురించి ఏదో అడిగాను. పెద్దాయన నవ్వి, "అంత దూరం ఎందుకు బాబూ, మా పెరట్లోనే పడుకుంటుంది ఒకటి" అన్నాడు.

అరటి చెట్టుకు పాత ఆకు ఎండి, కాడ దగ్గర విరిగి, బోదెకు ఆనుకుని వేలాడుతుంది కదా. ఎండే క్రమంలో రెండు అంచులూ లోపలికి ముడుచుకుని పొడుగాటి చుట్టలా తయారవుతుంది. ఆయన ఆ చుట్ట కింది కొసను రెండు వేళ్ళతో, అమ్మాయి జడ పట్టుకున్నంత మెల్లగా, కాస్త పక్కకు జరిపాడు. లోపల ఎండుటాకు రంగులోనే, రాచ ఉసిరికాయంత ముద్ద ఒకటి ఉంది. ముందు నాకు ఆకే ముడతపడినట్టు అనిపించింది. తరువాత ఆ ముడత ఊపిరి తీసుకుంది. వీపు మీద ఒత్తుగా, ఉన్నిలా, కొసల్లో లేత రంగు తేలుతున్న బొచ్చు. రెక్కలు మడిచి, తల కిందికి పెట్టి, ముంజేతులతో ముఖం కప్పుకుని నిద్రపోతోంది.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. టార్చి వేశాను. ఫోనులో ఫ్లాష్ పెట్టి మూడు ఫోటోలు తీశాను. మూడో ఫ్లాష్‌కు అది వణికి, ఆకులోంచి జారి, నా చెవి పక్కనుంచి తోటలోకి ఎగిరిపోయింది. పట్టపగలు. కాకులు, డేగలు తిరిగే వేళ. పెద్దాయన ఏమీ అనలేదు. ఆకు అంచును మళ్ళీ ఉన్నచోటికి సర్దాడు, అంతే.

ఆ రాత్రి ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాను. ఉన్నిలాంటి బొచ్చు, ఎండిన అరటాకు, అడవి అంచు, చిన్న ఒళ్ళు. ఇంకేం కావాలి? కెరివూలా అనే ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, ఉంది, ఉన్ని గబ్బిలాలు అనవచ్చు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉంటాయి. అడవిలో మనిషి కంటికి అరుదుగా కనిపిస్తాయి. వాటిలో హార్డ్‌విక్ పేరున్న ఒక జాతి నా ఫోటోకు సరిపోయిందని తేల్చేశాను. నోటుపుస్తకంలో పేరు రాశాను. పదిమందికి పంపాను. "మన కొండల్లో అరుదైన గబ్బిలం" అని ఒక శీర్షిక కూడా జోడించాను. రెండు రోజులు నా నడకే మారిపోయింది.

మూడో రోజు ఒక పరిశోధకురాలు ఫోను చేశారు. చాలా మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడిగారు. ముంజేయి ఎముక పొడవెంత? చెవి రంధ్రం ముందుండే ట్రాగస్ అనే చిన్న తోలు రేకు ఎలా ఉంది, పొడుగ్గా మొన తేలి ఉందా, పొట్టిగా మొద్దుగా ఉందా? రెక్క పొర కాలికి ఎక్కడ అతుక్కుని ఉంది? పళ్ళు చూశారా?

నా దగ్గర ఉన్నవి వీపు ఫోటోలు మూడు. ఒకదానిలో సగం చెవి.

ఆ ప్రశ్నలు నన్ను వెటకారం చేయడానికి అడిగినవి కావని అర్థం కావడానికి కొన్ని నెలలు పట్టింది. ఉన్ని గబ్బిలాలకు చెవులు గరాటులా ఉంటాయి, ట్రాగస్ సన్నగా పొడుగ్గా ఉంటుంది, నోట్లో 38 పళ్ళు ఉంటాయి. మన వీధి దీపాల చుట్టూ తిరిగే పిపిస్ట్రెల్ రకాలకు ట్రాగస్ పొట్టి, పళ్ళు 34. అంతటితో తగువు తీరిందా అంటే లేదు. మయోటిస్ అనే మరో ప్రజాతికీ ట్రాగస్ పొడుగే, పళ్ళూ 38. ఇక ఒకే ప్రజాతిలో రెండు జాతుల మధ్య ముంజేయి పొడవు తేడా ఒక్కోసారి రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ఎండుటాకులో పడుకునేవి ఉన్ని గబ్బిలాలు ఒక్కటే కావు, పిపిస్ట్రెల్‌లు కూడా పడుకుంటాయి. అంటే నేను ఘనంగా పట్టుకున్న ఆధారాల్లో అరటాకు ఆధారం కానే కాదు. బొచ్చు రంగు మసక వెలుతురులో ఫోను కెమెరా ఇచ్చిన రంగు. మిగిలింది నా ఆశ.

సంతకం సరిచూడటం నాకు కొత్త పని కాదు. చెక్కు మీద సంతకం చూడగానే 'మన సుబ్బారావుగారిదే' అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడే నమూనా కార్డు తీసి పక్కన పెట్టుకోవాలని కొత్తగా చేరిన కుర్రాళ్ళకు నేనే పాఠం చెప్పేవాణ్ణి. గబ్బిలం దగ్గర ఆ పాఠం నాకు గుర్తు రాలేదు.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. ఈసారి వెర్నియర్ కాలిపర్స్ కొనుక్కుని మరీ. దానితో ఏం చేద్దామనుకున్నానో నాకే స్పష్టంగా తెలియదు, పట్టుకోవడానికి అనుమతి లేదు, నేర్పూ లేదు. అదృష్టవశాత్తూ ఆ అవసరం రాలేదు. పెరట్లోని ఎండుటాకులన్నీ పిల్లలు భోగి మంటలో వేసేశారు.

ఇక్కడ నా వాదన మొదలవుతుంది. తక్కువగా తెలిసిన ఒక ప్రాణిని నమోదు చేయడమంటే దానికి పేరు తగిలించడం అని మనలో చాలామంది అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. పేరు ఆ పనిలో చివరి మెట్టు, అది మన చేత కాకపోతే మరొకరు ఎక్కుతారు. మన పని ఆ మరొకరికి కావలసినది మిగల్చడం. ఆధారం ఉండి పేరు తప్పయితే దిద్దుకోవచ్చు. ఆధారం లేకుండా పేరు ఒప్పయినా దానితో ఎవరికీ ఉపయోగం లేదు.

గాలిమాట కాదిది. 1948లో ఆంగస్ హట్టన్ అనే ప్రకృతి పరిశీలకుడు తమిళనాడులోని హై వేవీ కొండల్లో ఒక పండ్ల గబ్బిలాన్ని సేకరించాడు. అది మన ఊళ్ళలో జామ చెట్ల మీదకు వచ్చే పొట్టిముక్కు పండ్ల గబ్బిలమే అనుకుని ఆ పేరుతోనే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ సేకరణలో ఉంచారు. ఇరవై ఏళ్ళకు పైగా అది ఆ పేరు చీటీతోనే ఉండిపోయింది. తరువాత కిట్టి థాంగ్‌లాంగ్యా అనే థాయ్ శాస్త్రవేత్త దాన్ని బయటికి తీసి చూస్తే పొట్టిముక్కు గబ్బిలానికి ఉండాల్సిన తోక దీనికి లేదు, ముందుపళ్ళ లెక్కా కుదరలేదు. 1972లో దానికి కొత్త జాతి అనే కాదు, కొత్త ప్రజాతి అనే గుర్తింపు ఇచ్చి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టాడు. లాటిడెన్స్ సలిమాలీ. ఆ ప్రజాతిలో నేటికీ అదొక్కటే జాతి.

ఈ కథ చెప్పేవాళ్ళంతా థాంగ్‌లాంగ్యా కంటిచూపును మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. నాకు మాత్రం ఆ తప్పు చీటీ రాసిన అజ్ఞాత వ్యక్తి మీద ఎక్కువ గౌరవం. తప్పు రాశాడు, కానీ ఎక్కడిదో రాశాడు, వస్తువును పదిలంగా ఉంచాడు. నా 41వ వరుసలో పేరు ఒప్పే అయ్యుండవచ్చు. ఎవరైనా దిద్దాలన్నా, ఔననాలన్నా నేను మిగిల్చింది ఏమీ లేదు.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. "పేరు లేనిదాన్ని కాపాడేది ఎవరు? ఖాళీ గడిని చూసి ఏ క్వారీ ఆగుతుంది?" అని అడుగుతారు. నిజమే. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం చరిత్ర చూడండి. 1972 నాటి ఆ చట్టంలో ఐదో షెడ్యూలు అని ఒకటి ఉండేది, చంపినా అడిగేవాడు లేని జీవాల పట్టిక. కాకి, ఎలుక, చుంచుతో పాటు పండ్ల గబ్బిలాలూ అందులో ఉండేవి. అడవిలో విత్తనాలు చల్లేవి, రాత్రిపూట పూలకు పుప్పొడి మోసేవి అయిన పండ్ల గబ్బిలాలు ఎలుకల వరుసలో యాభై ఏళ్ళు ఉన్నాయి. 2022 సవరణతోనే ఆ షెడ్యూలు పోయింది. అన్నేళ్ళూ గబ్బిలాల్లో పై స్థాయి రక్షణ దక్కినవి రెండే రెండు. ఒకటి సలీం అలీ గబ్బిలం, రెండోది బెళగావి దగ్గర బారాపెడె గుహలో దొరికిన రౌటన్ గబ్బిలం. పొట్టిముక్కు గబ్బిలం పేరుతోనే ఉండిపోయి ఉంటే సలీం అలీ గబ్బిలం కూడా ఎలుకల పట్టికలోనే లెక్క. పేరుకు అంత బలం ఉంది.

మన పక్కనే, తెలుగు వినిపించే కోలారు జిల్లాలో, 1994లో పేరు పొందిన ఒక ఆకుముక్కు గబ్బిలం ఉంది. నేడు అది బతుకుతున్నది ఒకే ఒక్క గుహలో. చుట్టూ గ్రానైటు తవ్వకాలు జరిగేవి. దానికి పేరంటూ లేకపోతే ఆ గుహ ఈపాటికి ఎవరి వంటగది గట్టుగానో మారి ఉండేది. కాబట్టి పేరు అక్కర్లేదని నేను అనడం లేదు. అంత బలమున్నదాన్ని మూడు ఫ్లాష్ ఫోటోలు చూసి పంచిపెట్టకూడదు అంటున్నాను. ఒక జాతి పది చోట్ల ఉందని తప్పుగా నమోదైతే, "అక్కడా ఉంది కదా, ఇక్కడ తవ్వితే ఏం" అనే మాట పుట్టడానికి ఎంతసేపు?

ఫోటో దేనికీ చాలదనే పండితులతోనూ నాకు పేచీ ఉంది. జాతిని బట్టి చెప్పాల్సిన మాట అది. అదే ఉన్ని గబ్బిలాల ప్రజాతిలో రంగుల గబ్బిలం ఒకటి ఉంటుంది. ఒళ్ళు మందార నారింజ, రెక్కలు నలుపు, వేళ్ళ వెంట మళ్ళీ నారింజ గీతలు. అదీ ఎండిన అరటాకుల్లోనే పడుకుంటుంది. దాని ఫోటో ఒక్కటి స్పష్టంగా ఉంటే ఎవరూ కాలిపర్స్ అడగరు. ఆ అందమే దాని కొంప ముంచుతోంది, చంపి ఎండబెట్టి అద్దాల చట్రాల్లో బిగించి ఇంటి అలంకారంగా అమ్ముతున్నారు. అదే గుర్రపునాడా గబ్బిలాలకు వస్తే వంద ఫోటోలున్నా ముక్కు మీది ఆకులాంటి తోలు మడత ఏ కోణంలో ఉందో కనపడకపోతే అంతే సంగతులు. భారతదేశంలో దాదాపు 130 జాతుల గబ్బిలాలు ఉంటే, వాటిలో ఫోటోకు లొంగేవి కొన్నే.

లొంగనివాటిలో కొన్ని గొంతుకు లొంగుతాయి. నేను ఇప్పుడు చేస్తున్న పని అదే. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే ఆడియోమాత్ అనే రికార్డరు ఉంది, మూడు పెన్ను బ్యాటరీలతో నడుస్తుంది. గబ్బిలాల అరుపులు చాలావరకు మన చెవికి అందనంత పై స్థాయివి. ఆ పరికరం సెకనుకు 3,84,000 సార్లు శబ్దాన్ని కొలుస్తుంది కాబట్టి 192 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకోగలదు. మన చెవి, అదీ కుర్రవాళ్ళ చెవి, 20 దగ్గర ఆగిపోతుంది. నా వయసు చెవి సంగతి మా ఆవిడను అడగండి.

డాబా మీద పెట్టిన రికార్డరులోని శబ్దాన్ని మర్నాడు కంప్యూటర్‌లో బొమ్మగా పరిస్తే, ఖాళీ అనుకున్న రాత్రి నిండా గీతలే. పిపిస్ట్రెల్ అరుపు హాకీ కర్రలా ఉంటుంది, పై నుంచి జర్రున దిగి అడుగున కాస్త వంగి ఆగుతుంది. గుర్రపునాడా గబ్బిలానిది గుమ్మం మీది అడ్డకమ్మీలా సమతలంగా సాగే గీత, రెండు కొసల్లో చిన్న కొక్కేలు. ఉన్ని గబ్బిలానిది దాదాపు నిట్టనిలువు గీత, 150 కిలోహెర్ట్జ్ పైనుంచి దిగేంత ఎత్తు. పైగా గుసగుసలాంటి అరుపు. దట్టమైన ఆకుల మధ్య పురుగును వెతకడానికి అంతకంటే గట్టిగా అరవనక్కర్లేదు దానికి. అంత ఎత్తు శబ్దాన్ని గాలి ఇట్టే మింగేస్తుంది. రికార్డరు నుంచి కొద్ది మీటర్లు దూరం జరిగిందంటే అది ఉన్నా లేనట్టే. కాబట్టి రికార్డరులో పడలేదు కనుక ఈ అడవిలో లేదు అనే మాట కూడా ఖాళీ గడిని తొందరపడి నింపడమే.

గొంతు ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే 1990ల్లో బ్రిటన్‌లో జరిగింది చూడాలి. అక్కడ అత్యంత సాధారణమైన, ప్రతి పిల్లవాడికీ తెలిసిన పిపిస్ట్రెల్ ఒకటే జాతి అనుకునేవారు. కొన్ని 45 కిలోహెర్ట్జ్ దగ్గర, కొన్ని 55 దగ్గర అరుస్తున్నాయని గమనించి తవ్వితే రెండు జాతులని తేలింది. మన దక్షిణ భారతంలోనూ అంతే. రూక్స్ గుర్రపునాడా గబ్బిలాల్లో కొన్ని 80 దగ్గర, కొన్ని 90 దాటి పలకడం మీద అనుమానం వచ్చి జన్యువులూ చూశాక, 2013లో రెండోదానికి ఇండోరూక్సీ అనే వేరే పేరు వచ్చింది. అంతకు ముందు వాటిని 'రూక్స్' అని రాసినవారిలో గొంతు కూడా రికార్డు చేసి పెట్టినవారి వరుసలు ఈరోజుకూ పనికొస్తాయి. పేరు మాత్రమే రాసినవారివి దేనికి చెందుతాయో ఎవరు చెప్పగలరు?

గొంతు వింటే పేరు చెప్పేస్తామనే కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. ఒకదానికి నా డాబా శబ్దాలు ఇచ్చాను. క్షణం ఆలోచించకుండా యూరప్‌లో తప్ప ఉండని ఒక జాతి పేరు చెప్పింది, నమ్మకం ఎంతో శాతంలో సహా. పాపం దాని తప్పేముంది, దానికి నేర్పినవాళ్ళు విన్నవి యూరప్ గబ్బిలాలు. తెలియదు అనే జవాబు దానికి ఎవరూ నేర్పలేదు. నాకూ ఆరు పదులు దాటేదాకా ఎవరూ నేర్పలేదు లెండి.

పట్టుకుని చూడటం గురించి రెండు మాటలు. మిస్ట్ నెట్ అనే సన్నదారపు వలలు, నిలువు తీగల చట్రంలా ఉండే హార్ప్ ట్రాప్‌లు ఉంటాయి. వాటికి అటవీ శాఖ అనుమతి కావాలి, చేయి తిరిగినవాళ్ళు కావాలి, రేబిస్ టీకా ముందే వేయించుకుని ఉండాలి. ఉత్సాహవంతులు చేతులు పెట్టే చోటు కాదది. పట్టుకున్నవారు ఈమధ్య రెక్క పొర నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల చుక్కంత తోలు తీసి జన్యు పరీక్షకు పంపి గబ్బిలాన్ని వదిలేస్తున్నారు, ఆ చిల్లు కొన్ని వారాల్లో పూడుకుంటుంది. చంపి భద్రపరచడం ఇంకా అవసరమా అనే దాని మీద నాకు రెండు మనసులున్నాయి. గుండె వద్దంటుంది. సలీం అలీ గబ్బిలం కథ మాత్రం, సొరుగులో ఆ ఒక్క శవం లేకపోతే నువ్వు ఇప్పుడు చెబుతున్న కథే లేదు కదా అంటుంది. నా దగ్గర తీర్పు లేదు.

పెద్దాయన దగ్గరికి తిరిగి వస్తాను. మొదటి రోజు నేను అడగనివి, రెండోసారి వెళ్ళినప్పుడు అడిగాను. ఆకు లేదు కాబట్టి మాట్లాడుకోవడమే మిగిలింది. ఆయన చెప్పినవి ఇవి. వానలు పడినన్నాళ్ళు అది ఆకులో ఉండదు, ఆకు తడిసి విచ్చుకుంటుంది. అప్పుడు ఎక్కడ ఉంటుందో ఆయన చూడలేదు. ఎక్కువగా ఒక్కటే, ఎప్పుడో ఒకసారి రెండు. ఒకే ఆకులో పట్టుమని పది రోజులు ఉండదు. జీలుగు చెట్టు ఎండు మట్టల్లో ఉండేది వేరేది, దానికి వాసన ఎక్కువ. ఇదంతా ఆయన కల్లు దింపే వేళల్లో, కాఫీ కోసే వేళల్లో ఏళ్ళ తరబడి చూసింది. నేను ఒక సాయంత్రం మూడు నిమిషాల్లో చూసిన దానికి లాటిన్ పేరు ఉంది కాబట్టి అది సైన్సు, ఆయనది ముచ్చట! ఇలా అనుకునే మనమే కలివికోడి కథను మర్చిపోతాం. 1848లో జెర్డాన్ కనుగొన్నాక, 1900 తరువాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దొరికింది ఎలా అంటే, రాత్రిపూట దీపంతో తిరిగే స్థానిక వేటగాడి సాయంతో. పుస్తకాల్లో అంతరించిన పక్షికి అక్కడి జనం నోట్లో పేరు బతికే ఉంది.

అందుకని ఇప్పుడు నా పుస్తకంలో 'చూపినవారు చెప్పినది' అని కొత్త గడి చేర్చాను. అది మిగతా గడులకంటే వెడల్పు.

గడుల మాట వచ్చింది కాబట్టి ఊరి పేరు రాసి ఊరుకునేవారికి ఒక హెచ్చరిక. 2019లో నేను 'విశాఖపట్నం జిల్లా' అని రాశాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక అనంతగిరి, బొర్రా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. గబ్బిలం కదల్లేదు, జిల్లా కదిలింది. రేపు ఎవరైనా విశాఖ జిల్లా గబ్బిలాల జాబితా వేస్తే నా వరుస ఎక్కడ పడాలి? అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయి కాబట్టి బతికిపోయాను.

తేదీ కూడా చిన్న విషయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని కూల్చిన రోజు గుర్తుందా? మర్నాడు డాబా ఎక్కి చూస్తే కంబాలకొండ మీద పచ్చదనం లేదు, నిప్పు తగిలినట్టు గోధుమ రంగు కొండ. తొర్రలున్న పాత చెట్లు ముందు పడ్డాయి. తొర్రల్లో ఉండేవి ఏమయ్యాయి? నా పాత నోటుపుస్తకాల్లో ఆ తేదీకి ముందు పేజీలన్నీ పక్షులే. గబ్బిలం అనే మాట రెండుసార్లు ఉంది, రెండూ 'గబ్బిలాలు ఎగిరాయి' అని. ఎన్ని, ఎప్పుడు, ఏ చెట్టు నుంచి, ఏమీ లేదు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, 'చిన్నవి, ఇన్ని, ఈ చెట్టు తొర్ర, ఇన్ని గంటలకు' అని రాసి ఉంటే ఈరోజు పోల్చుకోవడానికి ఒక ముక్క ఉండేది. పేరు తెలియదు కదా అని అప్పట్లో రాయలేదు. ఖాళీ గడి భయంతో పేజీనే ఖాళీగా వదిలేశాను.

ఇన్ని రాయమంటున్నాను కదా, రాసినదంతా లోకానికి చాటమని మాత్రం అనడం లేదు. బొర్రాలో గబ్బిలాలు వేలాడే చోట మనవాళ్ళు చేసే హడావుడి మీరూ చూసే ఉంటారు. అక్కడుండేవి రౌసెట్టస్ రకం పండ్ల గబ్బిలాలు, మిగతా పండ్ల గబ్బిలాలకు లేని విద్య ఒకటి ఉంది వాటికి, నాలుకతో టక్‌టక్‌మనిపించి ఆ ప్రతిధ్వనితో చీకట్లో దారి వెతుక్కుంటాయి. మనవాళ్ళు వాటి మీదకు లేజరు దీపాలు వేసి, చప్పట్లు కొట్టి, లేచి ఎగిరితే వీడియో తీసుకుంటారు. ఆకులో పడుకునే అయిదు గ్రాముల ప్రాణి చిరునామా అలాంటివారి ఫోనుల్లోకి వెళ్ళాలా? నా పుస్తకంలో అక్షాంశం అంకెలతో సహా ఉంటుంది. ఇక్కడ మీకు మండలం పేరు చెప్పాను, అక్కడితో ఆపుతున్నాను. ఆ పరిశోధకురాలికి మాత్రం అన్నీ పంపాను.

పోయిన నవంబరులో పెద్దాయన మనవడు ఫోను చేశాడు. "తాత రమ్మంటున్నాడు సార్, ఆకులోకి వచ్చింది." మర్నాడు మధ్యాహ్నానికి అక్కడ ఉన్నాను. ఈసారి ఆకును ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కింది కొస నుంచి అడుగు దూరంలో కర్ర పాతి రికార్డరు కట్టాను. సూర్యుడు అయిదున్నరలోపే కొండ వెనక్కి దిగిపోయాడు. పెద్దాయన, మనవడు, నేను పదడుగుల దూరంలో గోనెపట్టా వేసుకుని కూర్చున్నాం. కాఫీ తోటలో కీచురాళ్ళు మొదలయ్యాయి. అయిదు గంటల నలభై ఆరు నిమిషాలకు చుట్ట కొస దగ్గర నీడ ఒకటి రాలినట్టు రాలి, నేలకు మూరెడు ఎత్తులో సర్దుకుని, కాఫీ మొక్కల సందుల్లోకి వెళ్ళింది. సీతాకోకచిలుకలా తడబడుతున్నట్టు ఉంది దాని ఎగురుడు. నేను సమయం రాసుకున్నాను. ఫోటో లేదు.

ఇంటికి వచ్చి తెర మీద పరిస్తే ఆ నిమిషంలో పదకొండు గీతలు ఉన్నాయి. నిలువుగా, సన్నగా, పరికరం పట్టగలిగే పై అంచును తాకుతూ. ఎంత పైనుంచి మొదలయ్యాయో ఆ పరికరం చెప్పలేదు. చూసిన పరిశోధకురాలు "పిపిస్ట్రెల్ అయితే కాదు" అన్నారు. తరువాత కాసేపు ఆగి, "ప్రజాతి పేరు పెన్సిలుతో రాసుకోవచ్చు, జాతి వద్దు" అన్నారు. అనుమతులు వస్తే వచ్చే చలికాలం వాళ్ళ బృందం వస్తుందట.

ఆ సాయంత్రం బయలుదేరబోతుంటే పెద్దాయన అడిగాడు, "దాని పేరు తేలిందా బాబూ?"

"ఇంకా లేదు పెద్దాయనా."

ఆయన లేచి వెళ్ళి ఆకు కాడను వేలితో తట్టి చూశాడు. "ఇది ఇంకో వారం ఆగుతుంది. ఆ పక్క చెట్టుది ఇప్పుడే ఎండుతోంది, అందులోకి మారుతుందేమో చూడాలి. మళ్ళీ వచ్చేటట్టయితే ఆ కర్ర ఇక్కడే ఉంచేసి వెళ్ళు" అన్నాడు.